పదకొండో పూస

మా అమ్మ జ్ఞానమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. అయినా పోయిన వేసవిలో ప్రతి గురువారం మధ్యాహ్నం ఇర్వింగ్‌లోని మా చర్చి హాల్లోకి వచ్చి కూర్చునేది. మీరు నవ్వుకున్నా నాకేం ఫర్వాలేదు. బయట నూట నాలుగు డిగ్రీల ఎండ, లోపల ఏసీ హోరు, బల్లల మీద కుప్పలుగా పూసలు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నా కళ్ళు మూతలు పడేవి. ముందుగా కుంకుడుకాయల వాసన వచ్చేది. తర్వాత చివరి మడత కుర్చీలో అమ్మ కనిపించేది, తడి జుట్టు విరబోసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని. ఒక్క మాట మాట్లాడేది కాదు. నా వేళ్ళకేసి చూస్తూ ఉండేది.

నా పేరు జోసఫిన్. యాభై ఆరేళ్ళు. డయాలసిస్ సెంటర్లో నర్సుని. నాకు నోటి దురుసు ఉందని మా ఆయన సత్యానందం గారు అంటారు. ఉంది, ఏం చేయమంటారు? ఆయన లూథరన్ల ఇంట్లో పుట్టి, నన్ను చేసుకోవడం కోసం మా కథోలిక గుడికి మారిన మనిషి. ముప్పై ఏళ్ళుగా నా జపమాలని చూసి "మీ పూసల లెక్క తేలిందా?" అని ఆటపట్టిస్తూనే ఉన్నారు.

యుద్ధం మేలో మొదలైంది. ఏ దేశంతో అని అడక్కండి, ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రాదు. మా ఒక్కగానొక్క కొడుకు నోయెల్ అప్పటికే, మేం వలసొచ్చిన ఈ దేశపు ఆర్మీలో మెడిక్. దెబ్బలు తగిలినవాళ్ళని మోసుకొచ్చి కట్లు కట్టే పని. వాడికి ఇరవై మూడు. వాడు తిరిగి రావాలి. ఆ వేసవంతా నాకున్న కోరిక అదొక్కటే.

వారం తిరక్కుండా మా గుడిలో పీఠం పక్కన జెండా వెలిసింది. ఫాదర్ గారి ప్రసంగంలో దేవుడూ దేశమూ ఒకే ఊపిరిలో రావడం మొదలైంది. సైన్యంలో ఉన్న పిల్లల ఫోటోలు పెద్ద పెద్ద బ్యానర్లు చేసి హాలు గోడకి కట్టారు. తొమ్మిది ఫోటోలు. తొమ్మిదోది మా నోయెల్. చెవులు కొంచెం బయటికొచ్చినట్టు ఉంటాయి వాడికి, బ్యానర్‌లో ఇంకా పెద్దవిగా కనిపించేవి.

అప్పటిదాకా మేమెవరం? నెలకోసారి తెలుగు పూజకి వచ్చి, వెనక వరసల్లో కూర్చుని, పులిహోర డబ్బాలు సర్దుకుని వెళ్ళిపోయే జనం. బ్యానర్ కట్టాక నన్ను ముందు వరసలోకి పిలిచి కూర్చోబెట్టారు. పార్కింగ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి చేతులు పట్టుకునేవాళ్ళు. మా గుడికే వచ్చే ప్రిస్సిల్లా, లాస్ కొలినాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీసా ఎక్స్‌టెన్షన్ కోసం ఎదురుచూస్తున్న పిల్ల, ఒకరోజు నా చెవిలో అంది: "ఆంటీ, మీ నోయెల్ వల్ల మాక్కూడా రెస్పెక్ట్ వచ్చింది. మొన్నటిదాకా ఎప్పుడు వెనక్కి వెళ్తారని అడిగినాయన నిన్న నా కార్ డోర్ ఓపెన్ చేశాడు." నాకు గర్వంగా ఉండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఈ పనులన్నిటికీ పెద్దరికం కేథీది. డెబ్బై దాటిన మనిషి, అరిగిపోయిన మోకాళ్ళు, భర్త ఏదో పాత యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాడు. ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషే, నేను తెలుగులో చెప్తున్నాను. అక్టోబరు జపమాల నెల కాబట్టి మొదటి ఆదివారం జెండాలతో ఊరేగింపు చేసి, నాలుగు వందల జపమాలలకి ఆశీర్వాదం చేయించి, సైనికులకి పంపాలని ఆవిడ సంకల్పం. పారాచూట్ తాడు, ఎండకి మెరవకుండా ముదురాకుపచ్చ రంగు వేసిన చెక్క పూసలు. "నీ చేతులు చూశాను జో, ఈ పని నీదే" అంది. చిన్నప్పుడు ఇంట్లో గుచ్చినదాన్నే కదా, సరేనన్నాను.

జపమాల తెలియనివాళ్ళకి చెప్తున్నాను. పది పూసలు ఒక గుత్తి, అలాంటి గుత్తులు ఐదు. ఒక్కో పూసకి ఒక మంగళవార్త జపం, మరియమాతని వేడుకునేది. ఆ జపం రెండు సగాలు. ముందు సగం ఒకరు అంటారు, రెండో సగం మిగతావాళ్ళు అందుకుంటారు. రెండూ అయితేనే వేలు తర్వాతి పూసకి జరుగుతుంది.

ఎవరూ లెక్కలతో బుర్ర పాడుచేసుకోకుండా నేనే ఒక మాల కట్టి గోడ మేకుకి తగిలించాను. తాడు దాని పక్కన పెట్టి, చూసుకుంటూ అందరూ అలాగే గుచ్చేవాళ్ళు. ఎనిమిదిమంది ఆడవాళ్ళం, పన్నెండు గురువారాలు. దాన్ని చూసి నేను కట్టిన మొదటిదాన్ని మాత్రం నోయెల్‌కి పోస్ట్ చేశాను.

ఆశీర్వాదానికి ముందు రోజు, శనివారం పొద్దున్నే కేథీ ఫోన్ చేసింది. "జో, నిన్న ఇంట్లో ఒక మాలతో జపం చేసుకున్నాను. పది అయ్యాక కూడా పూస మిగులుతోంది."

"మీరే ఎక్కడో ఒకటి మర్చిపోయి ఉంటారు" అన్నాను.

"ఐదు గుత్తుల్లోనూ మర్చిపోయానా?"

హాల్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి మేకు మీది మాల తీసి లెక్కపెట్టాను. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే. అమ్మ కూర్చునే కుర్చీలోనే కూలబడ్డాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అన్న రాయప్పని చంపేశారు. చంపినవాడు పరాయివాడు కాదు, మాతోపాటు అదే గుడిలో మోకరించేవాడు. పేరు ఇన్నాసి. కాలవ నీటి వంతు దగ్గర మాటామాటా పెరిగి పార తిరగేసి కొట్టాడు. అన్నకి పంతొమ్మిది. ముప్పయ్యో రోజు పూజ అయ్యాక అమ్మ ఇంట్లో ఉన్న జపమాల తెంపింది. శనివారం తలంట్లకి మిగిలిన కుంకుడు గింజలకి కాల్చిన దబ్బనంతో చిల్లులు పెట్టి, ఒక్కో గుత్తికి ఒక గింజ చేర్చి మళ్ళీ గుచ్చింది. ఆ సాయంత్రం పది పూసలయ్యాక పదకొండోదాన్ని పట్టుకుని, జపం ముందు సగం చెప్పి, మా కోసం ఆగింది. "ఇది ఇన్నాసికి" అంది. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి నాన్న కూడా రెండో సగం అందుకున్నాడు. నేను మాత్రం నోరు విప్పలేదు. పళ్ళు బిగబట్టి కూర్చునేదాన్ని. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. "నీ వంతు నేనంటాలే. నువ్వు పూస పట్టుకో, చాలు" అనేది. పెళ్ళయ్యేదాకా ప్రతి సాయంత్రం ఆ నల్ల గింజని పట్టుకుని అమ్మని తిట్టుకుంటూ కూర్చున్నాను. కన్నకొడుకుని చంపినవాడి కోసం ఏ తల్లయినా జపం చేస్తుందా? పెళ్ళయిన వారానికే గుణదల కొండ కింద పది పూసల మాల కొనుక్కుని, పీడా వదిలిందనుకున్నాను. నోరు మర్చిపోయింది. చేతులు మర్చిపోలేదు.

నా వెనకే హాల్‌కి వచ్చిన కేథీకి ఇదంతా చెప్పాను. ఆవిడ నా పక్కనే కూర్చుని విన్నది. తర్వాత మోకాళ్ళు రుద్దుకుంది.

"మీ అమ్మ మహాతల్లి జో. కానీ ఈ పిల్లలు ఎవరి మీదికి వెళ్తున్నారో వాళ్ళ కోసం పూస పెట్టి పంపలేం. రేపు ఆశీర్వాదం."

"పంపమని నేనన్నానా?" అన్నాను. ఒళ్ళు మండిపోయింది నాకు. "నా కొడుకు అక్కడున్నాడు. వాడి మీద తుపాకి పెట్టినవాడికి నేను జపం చేయాలా? ప్లయర్ ఎక్కడుందో చెప్పండి."

అందరికీ ఫోన్లు చేసి పిలిపించాం. నాలుగు వందల మాలలు, రెండు వేల పూసలు. ప్లయర్‌తో నొక్కితే పూస రెండు చెక్కలుగా విడిపోయేది, తాడు అలాగే ఉండేది. ముక్కలన్నీ పాత ఆవకాయ సీసాల్లో పోశాం. సాయంత్రానికి నా బొటనవేలు బొబ్బలెక్కింది. మధ్యలో రెండుసార్లు మగతగా కన్ను మూతపడింది కానీ, ఆ రోజు కుంకుడు వాసన రాలేదు. చివరి కుర్చీ ఖాళీగానే ఉంది.

ఆదివారం ఊరేగింపు బాగా జరిగింది. మరియమాత స్వరూపం ముందు, జెండాలు వెనక, పిల్లల బ్యానర్లు ఆ వెనక. ఫాదర్ గారు నీళ్ళు చల్లారు. జనం పాడుతూ రోడ్డంతా నిండిపోతే దారినపోయేవాళ్ళు కార్లు ఆపి దిగి గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. నా కొడుకు బ్యానర్ మా ఆయనే మోశారు. అంతమంది మనవాళ్ళు నాకు ఎప్పుడూ లేరు. ఏడ్చాను కూడా, సంతోషంతో.

ఇంటికి రాగానే నోయెల్ ఫోన్ చేశాడు. వీడియోలో సగం మొహమే కనిపిస్తోంది, వెనకంతా ఇసుక రంగు.

"నాన్నా, నీ జపమాలలో ఒక్కో గుత్తికి ఒక పూస ఎక్కువుందిరా. పొరపాటున పడింది. తీసెయ్."

"తెలుసు మమ్మీ. అమ్మమ్మ పూస కదా."

"నీకెవరు చెప్పారు?"

"అమ్మమ్మ. మన ఇంట్లో సిక్స్ మంత్స్ ఉంది కదా, నాకు ఎయిట్ ఇయర్స్ అప్పుడు. లాస్ట్‌ది బ్యాడ్ గై కోసం అని చెప్పింది. మీ మమ్మీ చెప్పదు, ఆమె వంతు కూడా నేను చెప్తాను అని చెప్పింది." వాడు నవ్వాడు. "అమ్మమ్మ వెళ్ళిపోయాక నేను చెప్పాను కొన్ని డేస్. నీ వంతు."

ఇంట్లో నాకు తెలియకుండా ఇద్దరూ కలిసి నా బాకీ నెత్తికెత్తుకున్నారన్నమాట.

"ఆ బ్యాడ్ గై ఇప్పుడు నీకెదురుగా ఉన్నాడురా. ఆటలు కాదు. తీసెయ్, నా మీద ఒట్టు."

"ఓకే మమ్మీ. చూస్తాలే. డాడీకి ఇవ్వు."

అదే వాడి గొంతు నేను చివరిసారి విన్నది.

మూడు వారాల తర్వాత, మంగళవారం మధ్యాహ్నం, నేను దొండకాయలు తరుగుతున్నాను. బెల్ మోగితే మా ఆయన తలుపు తీశారు. యూనిఫామ్‌లో ఇద్దరు, టోపీలు చేతుల్లో పట్టుకుని. వాళ్ళు నోరు తెరవకముందే నాకు అర్థమైంది. అయినా కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుని వెళ్ళాను. ఎందుకో చేతులు శుభ్రంగా ఉండాలనిపించింది. గాయపడ్డవాళ్ళని తేవడానికి వెళ్ళినప్పుడు అని చెప్పారు. ఇంకా ఏదో చెప్పారు.

ఆ తర్వాతి రోజులన్నీ నీళ్ళ అడుగు నుంచి చూసినట్టే గుర్తున్నాయి. గుడి నిండా జనం, రోడ్డుకి రెండు పక్కలా జెండాలు, నా ఒళ్ళో మూడు మూలలుగా మడిచిన జెండా. అది ఇంత బరువుంటుందని నాకు తెలియదు. ఫాదర్ గారు మా వాణ్ణి, దేవుడి కోసం ప్రాణమిచ్చిన హతసాక్షి అన్నంత పని చేశారు. ఎవరో పెద్దాయన నా భుజం పట్టుకుని, మనవాళ్ళు వదలరమ్మా, పదింతలు తీర్చుకుంటారు అన్నాడు. తీర్చుకోవాలనే నేనూ కోరుకున్నాను. ఆ ఊరు ఊరంతా తగలబడాలని కోరుకున్నాను. మా ఆయన మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో కూర్చుని, రాని జపం ఇంగ్లీషులో కూడబలుక్కుంటూ ఉండేవారు. కేథీ రోజూ వచ్చేది. ఓదార్పు మాటలేవీ చెప్పేది కాదు. గిన్నెలు తోమి వెళ్ళిపోయేది.

డిసెంబరులో వాడి వస్తువుల పెట్టె వచ్చింది. వాచీ, బూట్లు, పగిలిన ఫోను, రెండు జతల బట్టలు, పలచటి కవర్లో జపమాల. కవర్లో ఉండగానే చూశాను, పూసలు తీయలేదు. చెప్పిన మాట ఎప్పుడు విన్నాడు గనక. బయటికి తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. పది పూసల మీద ముదురాకుపచ్చ రంగు దాదాపు అలాగే ఉంది. పదకొండోదాని మీద రంగే లేదు. ఐదు గుత్తుల్లోనూ అంతే. వేలు రాసి రాసి తెల్లటి చెక్క బయటపడి నున్నగా అయిపోయింది.

మిగతావి ఒక్కసారి అంటే దాన్ని ఎన్నిసార్లు అని ఉంటాడు? నాకు వాడి మీద పిచ్చి కోపం వచ్చింది. నీ ప్రాణం కోసం అడుక్కోరా అని నేను మాల పంపితే, నువ్వు చేసిన పని ఇదా? అంతసేపు వాళ్ళ కోసమా? వాడి చొక్కాలో మొహం పెట్టుకుని గట్టిగా తిట్టాను. అది కూడా వాడు నా వంతు అన్నదేమోనన్న ఆలోచన తర్వాత వచ్చింది. వచ్చాక పోలేదు.

గురువారం మాల తీసుకుని హాల్‌కి వెళ్ళాను. చలికాలపు ఎండ బల్ల మీద పలచగా పడుతోంది. రెండో విడత మాలల కోసం కొత్త పూసలు కుప్పపోసి ఉన్నాయి. కేథీ ఒక్కతే ఉంది. ఆవకాయ సీసాలు మూడూ బీరువా మీద అలాగే ఉన్నాయి, పారేయడానికి ఆవిడకి చేతులు రాలేదట.

మాల ఆవిడ ముందు పెట్టాను. కేథీ కళ్ళజోడు పెట్టుకుంది. గుత్తి తర్వాత గుత్తి వేళ్ళతో తడుముకుంటూ పోయింది. అయిదోది అయ్యాక కళ్ళజోడు తీసేసింది.

"ఇది మనం తీసేసినదే కదా" అంది.

"అదే."

"కూర్చో జో. ఒక గుత్తి చేద్దాం."

మాలని ఇద్దరి మధ్యా పెట్టుకుని చెరో కొస పట్టుకున్నాం. ఆవిడ ముందు సగం ఇంగ్లీషులో, నేను రెండో సగం ఇంగ్లీషులో. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది. నిద్ర వచ్చినట్టుగా ఉంది. పది. వేలు నున్నటి చెక్క మీదికి జారింది. నా పళ్ళు బిగుసుకుపోయాయి, అచ్చం అప్పట్లోలాగే.

"నా వల్ల కాదు కేథీ."

"నా వల్ల మాత్రం అవుతుందనుకున్నావా?" ఆవిడ గొంతు కరుగ్గా ఉంది. "వాడి ఫోటో ఆ గోడకి కట్టింది నేను. నాకు వాళ్ళ మీద జాలి లేదు. ఉందని అబద్ధం చెప్పను." తన కొస బిగించి పట్టుకుంది. "మీ అమ్మ ఏమనేదన్నావు? నీ వంతు నేనంటాను. నువ్వు పట్టుకో."

పట్టుకున్నాను. కేథీ ముందు సగం అంది, ఒక్కో మాటా రాయి ఎత్తి పక్కన పెట్టినట్టు. అని ఆగింది. అక్కడ ఆగాల్సిందే. రెండో సగం ఇంకొకరిది.

కేథీ తొందరపెట్టలేదు. బొటనవేలి కింద నా కొడుకు వేలు అరగదీసిన చోటు చిన్న గుంటలా తగులుతోంది. కుంకుడుకాయల వాసన వచ్చింది. చివరి కుర్చీకేసి నేను చూడలేదు, చూడక్కర్లేదు. నలభై ఏడేళ్ళుగా ఆ పూస దగ్గర నా నోట్లో ఉండిపోయిన సగం అది. పాపులమైన మా కోసం, మా చావు గడియలో కూడా వేడుకోమ్మా అని అడిగే సగం. అది తెలుగులో వచ్చింది. వణుకుతూ, మధ్యలో తెగిపోతూ, చివరిదాకా వచ్చింది.

అమ్మ అయితే ఆ తర్వాత పేరు చెప్పేది. చెప్పాలి కదా అని నేను నోరు తెరిచాను. "ఇది" అన్నాను. ఆపైన మాట లేదు.

"వాడి పేరు తెలియదు కేథీ."

కేథీ నా చేతి మీద చెయ్యి వేసింది.

"వాళ్ళమ్మకి తెలుసులే" అంది.

వేలు జరిపి రెండో గుత్తికి వచ్చాం.